గొట్టం లేకుండా తీసిన ఫోటో

మా బావను ఆ వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. గొట్టాలాయన అనేవాళ్లు. స్టూడియో గుమ్మం మీద బోర్డు ఉండేది, బోర్డు మీద పేరు కూడా ఉండేది. అయినా గుర్తింపు కార్డుకు ఫోటో కావాలని ఎవరైనా అడిగితే "మందుల షాపు పక్కన గొట్టాలాయన ఉంటాడు, వెళ్లు" అనే చెప్పేవాళ్లు. ఆ పేరు పెట్టినవాణ్ని నేనే. అక్క మొగుణ్ని ఆ మాత్రం ఏడిపించకపోతే బావమరిదిగా పుట్టి ఏం లాభం?

కెమెరా అద్దానికి ఎండ ఏటవాలుగా తగిలితే ఫోటో పాలు ఒలికినట్టు తెల్లబడిపోతుంది. అలా తగలకుండా అద్దం ముందు ఒక గొట్టం తగిలిస్తారు, ఎండలో కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. అలాంటివి బజారులో దొరుకుతాయి. మా బావ ఏనాడూ కొనలేదు. పౌడరు డబ్బా, మాత్రల సీసా మూత, పాత టార్చిలైటు మెడ, ఏది దొరికితే దాన్ని కోసి, లోపల నల్లరంగు పూసి, తనే చేసుకునేవాడు. స్టూడియోలో ఒక అర నిండా అవే. మా అక్క కొత్త డబ్బా ఇంటికి తెస్తే అందులో సరుకు అయిపోయేదాకా దాన్ని బావ కంటపడకుండా దాచుకోవలసి వచ్చేది.

ఇదేం పిసినారితనం అని ఒకసారి అడిగేశాను. "వాళ్లు చేసేది వాళ్ల అద్దానికి రా. నా అద్దం సంగతి వాళ్లకేం తెలుసు?" అన్నాడు. నిజమే, ఆయన కెమెరా ఆయనంత పాతది. దానికి సరిపోయే వస్తువు చేసేవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు.

మనిషి మంచివాడే, కానీ తెమలడు. ఒక్క ఫోటోకు అరగంట. కుర్చీలో కూర్చోబెట్టిన పిల్లలు ఫోటో తీసేలోగా నిద్రపోయిన రోజులున్నాయి. మీట నొక్కేముందు నాలుగు మూలలూ వరసగా చూసుకునేవాడు. "ముఖం ఎలాగూ బాగానే వస్తుంది. పరువు పోయేది మూలల్లోనే" అనేవాడు. ఎవరిదో చెప్పు, గోడ మీద మరక, వేలాడే తీగ, అన్నీ తీయించేవాడు. పక్కన నిలబడి చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

నాకు ఒళ్లు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కోపం ముక్కు మీదే ఉంటుంది. పని చేసేచోట నా వెనకాల నన్ను "నిప్పు" అంటారని తెలుసు. విని పైకి విసుక్కున్నా, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. ఈ సంగతి ఇప్పుడే చెప్పేయడం మంచిది, ముందుముందు దీంతో పని ఉంది.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో కటింగు మిషను మీద ఉండేవాణ్ని. అచ్చయిన కాగితాల దొంతరను బల్ల మీద పెట్టి పిడి లాగితే పైనుంచి గజం పొడవు కత్తి దిగుతుంది. రెండు వందల కాగితాలైనా ఒకటే, ఐదు వందలైనా ఒకటే. బల్లకు ఇవతల నేను, అవతల దొంతర సర్దే అమ్మాయి. నాకంటే పన్నెండేళ్లు చిన్నది, అన్నా అని పిలిచేది. పక్క హాల్లో అచ్చు యంత్రాల మోతకు మాట వినపడదు కాబట్టి మా పనంతా కళ్లతోనే. ఆమె చేతులు బయటికి తీస్తుంది, నేను చూస్తాను, పిడి లాగుతాను. ఎనిమిదేళ్లలో ఎవరి గోటికీ దెబ్బ తగల్లేదు.

అలాంటిది, మేనేజరు ఒక ఇనుప ర్యాకు తెప్పించి సరిగ్గా మా బల్ల అంచున పెట్టించాడు. దాని అరలు కాగితాలతో నిండేసరికి అవతల ఆమె జుట్టు తప్ప నాకేమీ కనిపించకుండా పోయింది. తీయించమని రెండుసార్లు చెప్పాను. రెండోసారి హాలంతా వినపడేలా అరిచాను. "రెండు రోజులు ఓపిక పట్టవయ్యా బాబూ, వేరే చోటు చూస్తాను" అన్నాడు. మూడు వారాలు గడిచాయి. ఈలోగా నేనొక లెక్క పెట్టుకున్నాను. దొంతర సర్దేటప్పుడు ఆమె తల వంచుతుంది, చేతులు తీశాక తల ఎత్తుతుంది. కాబట్టి జుట్టు పైకి లేస్తే పిడి లాగొచ్చు. ఆ లెక్క మూడు వారాలు తప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఎవరో కాగితాల బండి తోసుకొచ్చి తలుపుకు ధడేలున కొట్టారు. ఆ అదురుకు ఆమె తలెత్తింది. చేతులు తీయలేదు. నేను పిడి లాగాను.

ఎడమచేతి రెండు వేళ్లు, మొదళ్ల దాకా పోయాయి. గోడకు తగిలించి ఉన్న నా చొక్కా లాగి ఆ చేతికి చుట్టి, ఆమెను ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. ఆసుపత్రి వరండాలో బనియను మీద సాయంత్రం దాకా నిలబడ్డాను. ఆ చొక్కా మళ్లీ అడగలేదు, ఎవరూ తెచ్చివ్వలేదు.

మర్నాడు నన్ను పనిలోంచి ఆపేశారు. విచారణ జరిగి, తప్పు నీదేనని తేలితే శాశ్వతంగా తీసేస్తామని కాగితం ఇచ్చారు. కాగితంలో "అజాగ్రత్త" అనే మాట మూడుచోట్ల ఉంది. ఆ మాట రుజువైతే ఏ ప్రెస్సూ నన్ను కత్తి పక్కకు రానివ్వదు, నాకు వచ్చిన పని అదొక్కటే. దానికంటే ఎక్కువగా, కళ్లుండీ చూడకుండా ఆ పిల్ల వేళ్లు నరికాడన్న మాట నేను భరించలేను. ర్యాకు అడ్డం వచ్చిందని చెప్పాను. అసలు అడ్డమే రాదని మేనేజరు రాసిచ్చాడు. పైనుంచి వచ్చిన విచారణ ఆఫీసరు ఇద్దరి కాగితాలూ చదివి "నువ్వు నిలబడేచోటి నుంచి ఏం కనిపిస్తుందో ఫోటో తెచ్చి చూపించు" అన్నాడు. మేనేజరు బుధవారం నాలుగు గంటలకు సరిగ్గా అరగంట ఇచ్చాడు. ఆ సాయంత్రమే ర్యాకు అక్కడినుంచి తీయించేస్తున్నాడట. గురువారం పదకొండింటికి విచారణ. అంటే ఉన్నదొకటే అవకాశం.

మంగళవారం పొద్దున్నే బావ స్టూడియోలో కూలబడ్డాను. ఆయన ఒక అట్టముక్కా పెన్సిలూ ఇచ్చి గది గీయమన్నాడు. గీశాను.

"కిటికీ ఎటుంది?"

"ఎదురుగా, ఎడమవైపు పైన. నాలుగింటికి ఎండ సూటిగా మొహాన కొడుతుంది."

"నీ వెనకాల ఎంత చోటుంది?"

"అడుగు. అంతే, తర్వాత గోడ."

"గోడల మీద ఏముంది?"

"గోడలతో నీకేం పని బావా? ర్యాకూ బల్లా రెండూ ఒకే ఫోటోలో పడాలి. చేయగలవా లేదా చెప్పు!"

బావ నొచ్చుకోలేదు. లేచి బీరువాలోంచి గుడ్డలో చుట్టిన బరువైన గాజుబిళ్ల తీశాడు. ఇరుకు గదుల్లో ఎక్కువ మేర పట్టాలంటే కెమెరా అద్దానికి ముందు దాన్ని బిగిస్తారు, వైడు అటాచ్‌మెంటు అంటారు. ఉబ్బిన చేప కన్నులా ఉంటుంది. గది మొత్తం ఫోటోలో పడుతుంది, కాకపోతే ఎండ పొడ తగిలిందా, ఇక ఏమీ కనిపించదు. దానికి సరిపడే గొట్టం ప్రపంచంలో ఎక్కడా లేదు, బావ చేస్తే తప్ప.

ఆ గొట్టానికి అట్టా, నల్ల బైండింగు గుడ్డా నేనే తెచ్చాను. మామూలు గొట్టంలా గుండ్రంగా చేస్తే పనికిరాదు, అంత వెడల్పు చూసే అద్దానికి గొట్టం అంచులే ఫోటో మూలల్లో నల్లగా పడతాయి. అందుకని పైనా కిందా పొడుగ్గా వదిలి, నాలుగు మూలలవైపు లోతుగా గాట్లు పెట్టి, పూరేకుల్లా కోశాడు. పైకి ఉండవలసిన రేకు మీద తెల్లరంగుతో ఒక చుక్క పెట్టాడు. ఆ చుక్క పైన ఉన్నంతసేపే గాట్లు మూలలకు సరిగ్గా ఉంటాయి.

ఫిల్ము ఎక్కించకముందు కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండేచోట బటర్ పేపరు అంటించి, దూరంగా కనిపించే నీళ్ల ట్యాంకు మీద పెట్టి చూశాడు. పేపరు మీద ట్యాంకు తలకిందులుగా పడింది. నాలుగు మూలలూ తేటగా ఉన్నాయి. బుధవారం పొద్దున మళ్లీ చూశాడు. మధ్యాహ్నం భోంచేసి మళ్లీ చూశాడు. "ఆ ట్యాంకుతో నీకేమైనా చుట్టరికమా బావా?" అన్నాను. అక్క నవ్వింది కానీ నాకు నవ్వు రాలేదు.

మూడూ యాభైకే ప్రెస్సు గేటు దగ్గరున్నాం. గేటు మనిషికి లోపలినుంచి మాట రాలేదట, పావుగంట నిలబెట్టాడు. గదిలో అడుగుపెట్టేసరికి నాలుగూ ఐదు. ఎండ నేను చెప్పినట్టే కిటికీలోంచి నేరుగా పడుతోంది. మేనేజరు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి "నాలుగున్నరకు మనుషులొస్తారు, ర్యాకు లేపేస్తారు" అన్నాడు. గది కడిగేశారు. బల్ల కింద నేల చూడలేక నేను కిటికీకేసే చూస్తున్నాను.

బావ నన్ను మిషను ముందు నిలబెట్టి, కంటి ఎత్తుకు దారం పట్టి ముడి వేసుకున్నాడు. స్టాండు ఆ ముడికి సరిచేశాడు. గేటు మనిషిని బతిమాలి అవతలివైపు, ఆ అమ్మాయి నిలబడేచోట, రెండు చేతులూ బల్ల మీద పెట్టి నిలబడమన్నాడు. కెమెరాకు గాజుబిళ్ల బిగించాడు, గొట్టం తొడిగాడు, చుక్క పైకి వచ్చేలా తిప్పాడు. నాలుగూ పదిహేడు.

"ఇంకా ఎంతసేపండీ?" అన్నాడు మేనేజరు.

"అయిపోవచ్చిందండీ" అని బావ ర్యాకు అంచుకు దూరం కొలిచాడు. నాలుగడుగులు. ఆ దూరానికి అద్దం చుట్టూ ఉన్న కడియాన్ని తిప్పాడు. తిప్పి, అలవాటు ప్రకారం కెమెరా ముందుకు వెళ్లబోయాడు.

"బావా! నీ నత్తనడకకు నా బతుకు తెల్లారిపోయేలా ఉంది. నొక్కు!"

అంత గట్టిగా అరిచానని తర్వాత గేటు మనిషి చెబితే తెలిసింది. బావ ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. నొక్కాడు. నాలుగు ఫోటోలు తీశాడు. తర్వాత గొట్టం ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.

"మళ్లీ ఏంటి?"

"గొట్టం లేకుండా ఒకటి తీస్తాను రా. ప్రతిసారీ తీస్తాను, అలవాటు."

"ఎండ పడి పాడైపోయేదానికి ఫిల్ము ఎందుకు దండగ?"

ఆయన నొక్కాడు. మేం సామాను సర్దుకుంటూ ఉండగానే నలుగురు వచ్చి ర్యాకులోని కాగితాలు దించడం మొదలుపెట్టారు.

ఫిల్ము కడిగి ఆరేసి, గురువారం పొద్దున ఆరింటికి బావ ఫోటోలు వేయడానికి కూర్చున్నాడు. ఆయన చీకటిగది వాళ్ల స్నానాల గదే. బకెట్ల మీద పలక, పలక మీద మూడు ట్రేలు, పైన ఎర్రబల్బు. "నా స్నానం సంగతేంటి?" అని అక్క బయటినుంచి తలుపు కొడుతోంది. ట్రేలో కాగితం మీద గీతలు తేలడం మొదలైంది. ముందు ర్యాకు, తర్వాత మిషను, తర్వాత అవతల గేటు మనిషి టోపీ. అతని చేతులు లేవు, మొహం లేదు, టోపీ ఒక్కటే. నేను మూడు వారాలు చూసిందదే. బావను కావలించుకోబోయాను.

బావ కదలకుండా కుడివైపు పైమూలకేసి చూస్తున్నాడు. అక్కడ సిరాబుడ్డి ఒలికినట్టు నల్లగా ఉంది. ఎడమవైపు కింది మూలలోనూ అంతే, కానీ అక్కడ నేల తప్ప ఏమీ ఉండదు. నాలుగు ఫోటోలూ ఒకేలా ఉన్నాయి.

"ఏంటిది?"

"గొట్టం."

నాకు తిక్కరేగింది. నీ గొట్టం తగలెయ్యా అన్నాను, మూడుసార్లు చూశావు కదా అన్నాను, మూలల మీద ఇన్నేళ్లు ఉపన్యాసాలిచ్చి నా దగ్గరికొచ్చేసరికి మూలే పోగొట్టావు అన్నాను. గోడ మీదున్నదేదో దాచిపెట్టి తీశామని మేనేజరు అంటాడు, ఈ ఫోటో చెల్లదంటాడు అని నెత్తి కొట్టుకున్నాను. బయట అక్క తలుపు కొట్టడం ఆపేసింది.

బావ చేతులు తుడుచుకుని కెమెరా తెచ్చి, గొట్టం తొడిగి, చుక్క పైకి పెట్టి, నా మొహం ముందు కడియాన్ని తిప్పాడు. దాంతోపాటు అద్దం తిరిగింది, గాజుబిళ్ల తిరిగింది, గొట్టం తిరిగింది. తెల్లచుక్క పైనుంచి పక్కకు దిగింది. రేకు వచ్చి మూలకు అడ్డం పడింది.

"ట్యాంకు దూరంగా ఉంది కదా, దానికి పెట్టి చూశాను. దగ్గరికి తిప్పితే ఇలా తిరుగుతుందని తెలుసు. అందుకే చుక్క పెట్టుకున్నాను, దూరం సరిచేశాక మళ్లీ చూసుకుందామని. చూసుకోలేదు" అన్నాడు. ఈ కెమెరాలో మనం కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ వేరు, ఫోటో పడే అద్దం వేరు, అందుకని ముందుకు వెళ్లి చూస్తే తప్ప తెలియదట. నువ్వు అరవబట్టే వెళ్లలేదు అని ఒక్కమాట అనలేదు. అననందుకు నాకు ఇంకా మండింది.

"సరే, గొట్టం లేనిది వేసి చూద్దాం" అన్నాడు.

ఐదో కాగితం ట్రేలో పడింది. అనుకున్నట్టే మధ్యలో అంతా పాలు. ర్యాకు ఒక నీడలా ఉంది, టోపీ ఉందో లేదో తెలియదు. కానీ ఎండ చేరని కుడివైపు పైమూల మాత్రం శుభ్రంగా వచ్చింది. అక్కడ గోడ మీద గుండ్రంగా ఏదో ఉంది. బావ భూతద్దం ఇచ్చాడు.

అది మొహం చూసుకునే అద్దం. ఇనుప చట్రంలో పళ్లెమంత అద్దం, కొంచెం కిందికి వంచి మేకుకు బిగించి ఉంది. అందులో చీమంత సైజులో బల్ల అవతలి అంచు, దాని మీద గేటు మనిషి రెండు చేతులు. పది వేళ్లూ లెక్కపెట్టుకోవచ్చు.

నాకంటే ముందు ఆ మిషను మీద పనిచేసిన ముసలి మేస్త్రి కాలంలో బల్ల పక్కన ఒక బీరువా ఉండేదట. అవతలి చేతులు కనిపించడానికి ఆయన ఆ అద్దం పెట్టించుకున్నాడు. నేను వచ్చేనాటికి బీరువా తీసేశారు, చేతులు ఎదురుగానే కనిపిస్తున్నాయి, అద్దంతో పని లేదు. మొదటిరోజే ఆ మేకు చూసి చొక్కా విప్పి తగిలించాను. ఎనిమిదేళ్లు, రోజూ పొద్దున. దాని వెనక అద్దం ఉందన్న సంగతే నా బుర్రలోంచి పోయింది. ఆరోజు దాని మీంచి చొక్కా లాగినప్పుడు కూడా నేను చూసింది ఆమె చేతినే.

ర్యాకు అడ్డం వచ్చిన మాట నిజం. చొక్కా అక్కడ లేకపోతే ఆమె వేళ్లు నాకు కనిపించి ఉండేవన్న మాటా నిజం.

"చింపెయ్ బావా" అన్నాను.

ఆయన ఫోటోను పక్క ట్రేలోకి మార్చాడు.

"మేనేజరు కూడా ఆ అద్దం మర్చిపోయాడు. లేకపోతే ఇప్పటికే దాంతో నన్ను ఉతికి ఆరేసేవాడు. నల్లమూల ఫోటో ఒక్కటే ఇద్దాం. కెమెరా పొరపాటని చెబుదాం. అబద్ధం కాదు కదా?"

"అబద్ధం కాదు."

"మరి?"

బావ ఆ ఫోటోను నీళ్లలో జాడించి క్లిప్పుకు తగిలించాడు. "ఇది నా సంచిలో ఉంటుంది. నువ్వు తీయమంటే తీస్తాను. తీయమనకపోతే నేనుగా తీయను. నా వల్ల నీ కొంప మునిగిందన్న మాట నాకొద్దు. కానీ చింపమని మాత్రం అడగకు రా. అది ఒక్కటే సరిగ్గా వచ్చింది" అన్నాడు. తలుపు తీశాడు. అక్క మా ఇద్దరి మొహాలూ చూసి పక్కకు తప్పుకుంది.

పదకొండింటికి ఆఫీసు గదిలో పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నాం. ఒక కొసన ఆఫీసరు, ఆయన పక్కన మేనేజరు, ఎదురుగా నేనూ బావా. గోడవారన ఆ అమ్మాయీ వాళ్లమ్మా కూర్చున్నారు. చేతికి తెల్లకట్టు. ఆసుపత్రి తర్వాత ఆమెను చూడడం అదే. నేను తల దించుకున్నాను.

ఆఫీసరు నల్లమూల ఫోటోలు నాలుగూ వరసగా పేర్చుకుని చాలాసేపు చూశాడు. మేనేజరు వైపు ఒకటి జరిపాడు. "టోపీ తప్ప ఏమీ కనిపించడం లేదు. అడ్డం రాదని రాశారేం?" అన్నాడు. మేనేజరు మెడ తడుముకున్నాడు.

"ఈ నలుపేంటి?"

బావ లేచి నిలబడ్డాడు. "నా గొట్టం నీడండీ. నేను చేసిన పొరపాటు." గొట్టం తీసి బల్ల మీద పెట్టి, కడియం తిప్పి, చుక్క ఎలా జారిందో చూపించాడు. ఆఫీసరు ఆసక్తిగా వంగి చూశాడు. తనే ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"దీని వెనక గోడే కదా?"

"గోడేనండీ" అన్నాడు బావ. ఆ మాట తర్వాత ఒక క్షణం ఆగాడు. నావైపు మాత్రం చూడలేదు. కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆఫీసరు తల ఊపి, ఏదో రాసుకుని, పేజీ తిప్పాడు. అంతే, గండం గడిచిపోయింది. నా పని నాకు దొరికింది, నా పేరు నాకు దక్కింది. నేను కళ్లెత్తాను. గోడవారన వాళ్లమ్మ కూతురి కట్టుచేతిని రెండు చేతులతో ఎత్తి, కిందికి వేలాడితే నొప్పి పుడుతుందని, తన ఒళ్లో పెట్టుకుంటోంది. తువ్వాలు మడతపెట్టి దాని కింద సర్దింది.

నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. "గోడ మీద అద్దం ఉంది సార్" అన్నాను. "అందులోంచి చూస్తే అవతలి చేతులు కనిపిస్తాయి. ఎనిమిదేళ్లుగా నా చొక్కా దాని మీద తగిలిస్తున్నాను. ఆరోజు కూడా దాని మీదే ఉంది. బావా, ఆ ఫోటో తియ్యి."

సంచి తెరవడానికి బావకు మామూలుగా పట్టినంతసేపే పట్టింది. మేనేజరు లాక్కున్నట్టు తీసుకుని చూశాడు, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆఫీసరు భూతద్దం పట్టుకుని ఆ మూలను చూసి నావైపు చూశాడు. "నీకు ఇప్పుడే గుర్తొచ్చిందా?"

"పొద్దున ఈ ఫోటో చూసేదాకా అక్కడ అద్దం ఉన్నట్టే నాకు గుర్తు లేదు సార్."

"ఇంకెవరికీ తెలియదా?"

మేనేజరు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు ఆ అమ్మాయి మెల్లగా అంది: "నాకు తెలుసండీ."

అందరం అటు తిరిగాం.

"పొద్దున నేనే ముందొస్తాను కదండీ. ఆ అద్దంలో జుట్టు సర్దుకునేదాన్ని. తర్వాత అన్న వచ్చి చొక్కా తగిలించేవాడు. ర్యాకు వచ్చాక చాలాసార్లు అనుకున్నాను, ఆ చొక్కా ఇంకోచోట పెట్టుకో అన్నా అని చెబుదామని." నావైపు చూడకుండా కట్టువైపు చూస్తూ చెప్పింది. "అరుస్తాడని భయమేసి చెప్పలేదు."

ఆ మాట ఆమె నా మీద కోపంతో అనలేదు. ఫలానా వేళకు వచ్చాను, ఫలానా వేళకు వెళ్లాను అన్నట్టు అంది. ఇన్నేళ్లుగా నన్ను నిప్పు అంటే మురిసిపోయినవాణ్ని, ఆ గదిలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎవరూ ఆపలేదు.

తప్పు ర్యాకుదీ, నాదీ అని తేల్చారు. ర్యాకు పెట్టించినందుకు మేనేజరుకూ కాగితం అందింది. నన్ను పనిలోంచి తీసేయలేదు కానీ ఏడాదిపాటు కత్తి ముట్టుకోవద్దన్నారు, కాగితాలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ శిక్ష తక్కువేనని నాకు తెలుసు.

ఆరోజు ఇంటికి నడుస్తూ బావను అడిగాను. "నిన్న నేను అరవకపోతే నువ్వు ముందుకెళ్లి చుక్క చూసుకునేవాడివి కదా?"

ఇంకో మనిషైతే పోనీలే అనేవాడు. ఆయన నాలుగడుగులు నడిచి, ఆలోచించి, "చూసుకునేవాణ్ని రా" అన్నాడు.

ఆ గొట్టం బావ పారేయలేదు, సరిచేయనూ లేదు. అరలో మిగతావాటి పక్కనే, చుక్క కనిపించేలా పెట్టుకున్నాడు. చివరిదాకా ఫోటో తీసేముందు అంతే ఆలస్యం చేశాడు, గొట్టం లేకుండా ఒకటి తీయడం మానలేదు. నేను పక్కనుంటే స్టాండు పట్టుకుని నోరు మూసుకుని నిలబడేవాణ్ని. పిల్లలు కుర్చీలో నిద్రపోతే నిద్రపోనీ.

ఏడాది తిరిగాక మళ్లీ మిషను దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి అంతకు ఆరు నెలల ముందే పనిలోకి వచ్చేసింది, కుడిచేత్తో సర్దడం అలవాటు చేసుకుంది. మొదటిరోజు పొద్దున నేను బొత్తాలు విప్పుతూ గోడవైపు తిరిగాను. ఎనిమిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ఆ మేకువైపు లేచింది.

"అన్నా!"

హాలంతా వినపడేలా అరిచింది. అచ్చు యంత్రాల దగ్గరున్నవాళ్లు కూడా తల తిప్పి చూశారు.

"అక్కడ పెట్టావంటే ఊరుకోను" అంది.

చొక్కా మళ్లీ తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, పిడి దగ్గర నిలబడ్డాను. అద్దంలో ఆమె ఎనిమిది వేళ్లూ బల్ల మీదినుంచి లేచేదాకా చూసి, అప్పుడు లాగాను.